మెడవాపు మాటున దాగిన లోపం: కాంగ్రాకు ఉప్పు బాట చూపిన సిక్కోలు వైద్యుడు రామలింగస్వామి

తగ్గని మలబద్ధకం, కారణం తెలియని నీరసం, చలిని తట్టుకోలేకపోవడం, పొడిబారే చర్మం... విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న ఇబ్బందులే. కలిపి చూస్తే థైరాయిడ్ గ్రంథి మందగించిందనడానికి ఆనవాళ్లు కావచ్చు. మన దేశంలో, ముఖ్యంగా హిమాలయ పాద ప్రాంతాల్లో, ఈ లోపానికి ఒకప్పుడు ప్రధాన కారణం ఆహారంలో అయోడిన్ కొరత. దాన్ని చిటికెడు ఉప్పుతో నివారించవచ్చని క్షేత్రస్థాయిలో నిరూపించిన శాస్త్రవేత్తల్లో అగ్రగణ్యుడు తెలుగువాడైన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేసి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. నీలగిరుల్లోని కూనూర్ పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు. గిల్గిత్ లోయలో మెడవాపుపై తొలి పరిశోధనలు జరిపిన బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ నెలకొల్పిన సంస్థ అది.

థైరాయిడ్ హార్మోన్ల తయారీకి అయోడిన్ ముడిసరుకు. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. జీవితాంతానికి లెక్కవేసినా ఒక చెంచాకు మించదు. వానలకు, మంచు కరుగుదలకు నేలలోని అయోడిన్ కొట్టుకుపోయే కొండ ప్రాంతాల్లో ఆ కొంచెమూ పంటల్లోకి చేరదు. అప్పుడు గ్రంథి ఉబ్బి మెడవాపుగా కనిపిస్తుంది. హార్మోన్లు తగ్గితే గుండె వేగంతో పాటు పేగుల కదలికా నెమ్మదిస్తుంది. ఆహారం పేగుల్లో ఎక్కువసేపు నిలిచి, నీరు ఇంకిపోయి మలం గట్టిపడుతుంది.

1956లో కాంగ్రా లోయలో ఎస్.ఎస్. సూచ్ తదితరులతో కలిసి రామలింగస్వామి చేపట్టిన అధ్యయనం ఆయన జీవితంలో కీలక ఘట్టం. లోయను మూడు మండలాలుగా విభజించారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. అప్పటికి అక్కడి బడి పిల్లల్లో ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి మెడవాపు ఉండేది. అయిదారేళ్లలో అయోడిన్ ఉప్పు అందిన మండలాల్లో ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు వాడిన మండలంలో తగ్గలేదు. ఆ తరువాత అక్కడా అయోడిన్ ఉప్పు ఇవ్వగా అదే ఫలితం కనిపించింది. 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

అయితే ఫలితం లోయ దాటి దేశమంతటికీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. మెడవాపు కొండ ప్రాంతాల సమస్య మాత్రమేనన్న భావన అందుకు ఒక కారణం. ఉత్తరప్రదేశ్ తరాయి జిల్లాల్లో నవజాత శిశువుల రక్తాన్ని పరీక్షించిన ఎయిమ్స్ పరిశోధకులు చాలామందిలో పుట్టుకతోనే థైరాయిడ్ లోపాన్ని గుర్తించారు. మెడ మీద కనిపించే వాపు కన్నా, కనిపించకుండా శిశువు మెదడుకు జరిగే హాని పెద్దదని తేలింది. శిశువుల్లోనూ మలబద్ధకం, వీడని కామెర్లు, బొంగురు ఏడుపు ఈ లోపానికి సూచనలే. 1983-84లో దేశవ్యాప్త అయోడైజ్డ్ ఉప్పు విధానం రూపుదిద్దుకుంది. అప్పటికి రామలింగస్వామి భారత వైద్య పరిశోధన మండలి సారథి. అంతకుముందు 1969 నుంచి 1979 వరకు ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్నారు. పద్మభూషణ్ గ్రహీత అయిన ఆయనను 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకుంది.

అయోడిన్ లేని ఉప్పు విక్రయంపై ఉన్న నిషేధాన్ని 2000లో కేంద్రం ఎత్తివేసింది. ఆ సడలింపు అమలులో ఉండగానే, 2001 మే 28న రామలింగస్వామి కన్నుమూశారు. నిషేధం 2006లో తిరిగి అమల్లోకి వచ్చింది.

నేడు థైరాయిడ్ లోపం స్వరూపం మారింది. అయోడిన్ తగినంత అందుతున్న చోట శరీర రోగనిరోధక వ్యవస్థే గ్రంథిపై దాడి చేయడం ప్రధాన కారణంగా ఉంటోంది. దీన్ని ఉప్పు నయం చేయలేదు. కోల్‌కతాలోని భవానీపూర్‌లో, 1898లో రొనాల్డ్ రాస్ మలేరియా పరిశోధన సాగించిన ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి నేడు ఎస్.ఎస్.కె.ఎం.గా కొనసాగుతోంది. అక్కడి ఎండోక్రైనాలజీ విభాగమైనా, విశాఖ కేజీహెచ్ అయినా రోగనిర్ధారణకు మొదటి మెట్టు టీఎస్‌హెచ్ రక్తపరీక్షే.

మలబద్ధకం ఉన్న ప్రతివారికీ థైరాయిడ్ లోపం ఉండదు. పీచు పదార్థాలు, నీరు తగ్గడం, ఐరన్ మాత్రల వంటి కారణాలూ ఉంటాయి. కానీ నీరసం, బరువు పెరగడం, చలి కూడా తోడైతే విరేచన మందులతో సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. లోపం నిర్ధారణ అయితే వైద్యుని సలహాపై వాడే థైరాక్సిన్ మాత్రతో చాలామందిలో ఈ లక్షణాలు క్రమంగా తగ్గుతాయి. మెడవాపు వెనుక దాగిన హానిని కాంగ్రాలో వెతికి పట్టుకోగలిగారు. నేటి రోగిలో అదే లోపం వాపు లేకుండానే రావచ్చు కనుక చిన్న లక్షణాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు.