ఐర్లండు ప్రథమాధ్యక్షుడు డగ్లస్ హైడ్

దేశవిభజన యనగానే మనకు పటముపైని గీత స్ఫురించును. కాని ఆ గీత పటముపైననే నిలిచిపోదు. అది బడిలోనికి, ఆటస్థలములోనికి, ప్రార్థనామందిరములోనికి, కడకు శవయాత్ర సాగు దారిలోనికిని వచ్చును. ఐర్లండు దేశమునకు మొదటి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ జీవితమును తెలిసికొన్నవారికి ఈ సత్యము తేటతెల్లమగును. ఆయన కృశించుచున్న ఒక భాషను బ్రతికించుటకు పూనుకొనెను. దాని నీడలో రెండు మతములవారును కలిసి కూర్చుందురని నమ్మెను. ఆ నమ్మకము ఎచ్చట నెగ్గెనో, ఎచ్చట ఓడెనో, ఇంటిభాష యొకటియు వీధిభాష మరియొకటియుగా జీవించు మనము తెలిసికొనదగినది.

హైడ్ 1860వ సంవత్సరము జనవరి 17వ తేదీన, రాస్‌కామన్ కౌంటీలోని కాసిల్‌రీ యను ఊర జన్మించెను. తండ్రి ఆర్థర్ హైడ్ ప్రొటెస్టెంటు మతాచార్యుడు. బాలునికి ఏడేండ్లప్పుడు కుటుంబము ఫ్రెంచ్‌పార్కు గ్రామమునకు తరలెను. అట్టి కుటుంబములవారు ఇంగ్లీషే మాటాడెడివారు. ఐరిష్ భాష కూలివాండ్రది, కౌలుదార్లది. 1845 మొదలు 1849 వరకు వచ్చిన మహాక్షామమున సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు తక్కువకాని జనము ఓడలెక్కి పరదేశములకు పోయెను. ఐరిష్ మాటాడు పేదలకే ఆ దెబ్బ గట్టిగా తగిలెను. మిగిలిన తల్లిదండ్రులు, ఇంగ్లీషు వచ్చినచో పిల్లలకు అమెరికాలో అన్నము దొరకునని, తమ భాషను తామే విడువసాగిరి.

హైడ్ బడికి పోయినది కొలది దినములే. పొంగు వచ్చి ఇల్లు చేరిన పిదప తండ్రి యొద్దనే చదువుకొనెను. కాని ఆయనకు రెండవ గురువొకడుండెను. అతడు సీమస్ హార్ట్ అను వేటతోపుల కావలివాడు. వానివెంట పొలములవెంబడి తిరుగుచు, వృద్ధుల గుడిసెలలో పొయ్యి ప్రక్కన కూర్చుండి పాటలు, కథలు వినుచు, బాలుడు ఐరిష్ నేర్చెను. చెవికి వినవచ్చినట్లు తనకు తోచిన వర్ణక్రమముతో దినచర్య వ్రాసికొనెను. 1875లో హార్ట్ మరణించినప్పుడు, ఒక మనుష్యునితోబాటు ఎంతటి వాఙ్మయము మట్టిలో కలియునో పదునైదేండ్ల ఆ బాలునకు బోధపడెను. ఆయన తరువాతి కృషికంతకు బీజమిదియే.

1880లో హైడ్ డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో ప్రవేశించెను. తండ్రి కొడుకును మతాచార్యునిగా చూడగోరెను. హైడ్ వేదాంతమును, న్యాయశాస్త్రమును చదివి బహుమతులందెను గాని ఆ వృత్తులలో దేనిని చేపట్టలేదు. 1890లో కెనడా పోయి, న్యూ బ్రన్‌స్విక్ విశ్వవిద్యాలయమున ఒక సంవత్సరము బోధించి, స్వదేశమునకు మరలివచ్చెను.

1892 నవంబరు 25వ తేదీన డబ్లిన్‌లో ఆయన చేసిన ప్రసంగము మిక్కిలి ప్రసిద్ధము. ఇంగ్లీషువారిని ద్వేషించుచునే వారిని అనుకరించుట అవివేకమనియు, భాషను, పేరులను, ఆటలను, పాటలను విడిచిన జాతి మరియొక జాతికి నకలు మాత్రమే యగుననియు ఆయన వివరించెను. మరుసటి యేడు జూలై 31వ తేదీన గేలిక్ లీగు స్థాపింపబడెను. ప్రొటెస్టెంటగు హైడ్ దానికి అధ్యక్షుడయ్యెను. కాథలిక్కగు ఇయాన్ మక్‌నీల్ ఆయనకు కుడిభుజమయ్యెను. కానాట్ ప్రాంతపు ప్రణయగీతములను హైడ్ సేకరించి, ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించినదియు ఆ 1893వ సంవత్సరముననే.

లీగుకు మతము లేదు, రాజకీయ పక్షము లేదు. ఊరూర శాఖలు వెలసెను. సాయంకాలములందు గుమాస్తాలు, అంగడివారు, ఉపాధ్యాయులు ఒకే బల్లపై కూర్చుండి అక్షరములు దిద్దిరి. 1899లో మాధ్యమిక విద్యావిచారణ సంఘము ఎదుట ట్రినిటీ ఆచార్యులు కొందరు ఐరిష్ వాఙ్మయమున సారము లేదని సాక్ష్యమిచ్చినప్పుడు, హైడ్ ఐరోపా పండితుల అభిప్రాయములను తెప్పించి, వారి వాదమును ఖండించెను. ఐరిష్ పాఠ్యక్రమమున నిలిచెను. 1909లో ఆయన డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఆధునిక ఐరిష్ భాషాచార్యుడై, 1932 వరకు ఆ పీఠము నధిష్ఠించెను.

అయితే గెలుపులోనే చిక్కు పుట్టెను. లీగు ఆందోళనవలన 1913 నుండి జాతీయ విశ్వవిద్యాలయ ప్రవేశమునకు ఐరిష్ నిర్బంధమయ్యెను. హైడ్ దీనిని సమర్థించెను. ఉత్తరమున అల్‌స్టర్ ప్రాంతపు ప్రొటెస్టెంటులలో పలువురకు మాత్రము ఆ భాష తమది కాదనియు, ఎదుటిపక్షపు జెండా యనియు తోచసాగెను. 1915లో డండాక్ పట్టణమున జరిగిన మహాసభలో లీగు తన ఆశయములలో దేశస్వాతంత్ర్యమును చేర్చెను. భాష రాజకీయమైనచో సగము దేశము దూరమగునని భయపడిన హైడ్ అధ్యక్షపదవిని విడిచెను. ఇరువదిరెండేండ్లు పెంచిన సంస్థనుండి ఆయన కలహింపక తొలగిపోయెను.

1920లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టము ఐర్లండును రెండుగా చీల్చెను. 1921 మే నెలలో ఆరు కౌంటీలు ఉత్తర ఐర్లండుగా ఏర్పడెను. మిగిలిన ఇరువదియారు 1922లో స్వేచ్ఛారాజ్యమయ్యెను. సంస్థలు ఈ చీలికను వేర్వేరు విధముల స్వీకరించుట గమనింపదగినది. ఫుట్‌బాల్ సంఘము 1921లోనే రెండయ్యెను. రెండును చాలకాలము ఐర్లండు అను పేరుతోనే జట్టులను పంపెను. రగ్బీ సంఘము మాత్రము చీలలేదు. 1884లో పుట్టిన గేలిక్ క్రీడాసంఘము ముప్పదిరెండు కౌంటీలను ఒకటిగానే చూచెను. కాని విదేశీయములని తలచిన ఆటలను ఆడువారిని, చూచువారిని బహిష్కరించు నియమము పెట్టుకొనెను. కాథలిక్ మతసంస్థ గాని, హైడ్ పుట్టిన ప్రొటెస్టెంటు మతసంస్థ గాని సరిహద్దును బట్టి విడిపోలేదు. రెండింటి ప్రధాన పీఠములును ఉత్తరభాగమందలి ఆర్మానగరముననే యున్నవి. అయినను ఒకరి గుడిలో మరియొకరు అడుగుపెట్టరైరి.

1937లో దక్షిణభాగమునకు క్రొత్త రాజ్యాంగము వచ్చెను. అధ్యక్షుడెవరను ప్రశ్న పుట్టగా, ప్రభుత్వపక్షమును ప్రతిపక్షమును కలిసి హైడ్‌ను ఏకగ్రీవముగ ఎన్నుకొనెను. కాథలిక్కులు మెండుగానున్న రాజ్యమునకు ప్రొటెస్టెంటు అధ్యక్షుడగుట, ఈ దేశము అందరిదియనుటకు గుర్తుగా నుండెను. 1938 జూన్ 25వ తేదీ ఉదయమున ఆయన సెంట్ పాట్రిక్ దేవాలయమున ప్రార్థించెను. కాథలిక్ మంత్రులు తమ దేవాలయమునకు పోయిరి. పిదప అందరును డబ్లిన్ కోటలో కలిసికొనిరి. హైడ్ ఐరిష్ భాషలో ప్రమాణము చేసెను.

ఆ నవంబరు 13వ తేదీన ఐర్లండు, పోలండు జట్టుల ఫుట్‌బాల్ పోటీకి ఆయన దేశాధ్యక్షుని హోదాతో పోయెను. ఐర్లండు 3–2 గోలులతో గెలిచెను. అది విదేశీయపు ఆటయని, గేలిక్ క్రీడాసంఘము డిసెంబరులో ఆయనను తన పోషకుల జాబితానుండి తొలగించెను. దేశీయములైన ఆటలను కాపాడుకొనవలెనని 1892లోనే చెప్పినవాడు దేశద్రోహివలె వెలివేయబడెను! ఆ నెల కడపటి దినముననే ఆయన భార్య లూసీ మరణించెను. 1940లో పక్షవాతము వచ్చి, చక్రముల కుర్చీకి పరిమితమైనను, హైడ్ 1945 వరకు పదవిని గౌరవముగ నిర్వహించెను.

1949 జూలై 12వ తేదీన ఆయన కన్నుమూసెను. ప్రభుత్వ లాంఛనములతో శవమును సెంట్ పాట్రిక్ దేవాలయమునకు గొనిపోయిరి. అన్యమత ప్రార్థనలకు పోరాదను నాటి నిషేధము వలన కాథలిక్ మంత్రులు వెలుపల కారులలో కూర్చుండిరి. వారిలో నోయెల్ బ్రౌన్ ఒక్కడే లోపలికి పోయెను. ప్రతిపక్షము తన పక్షమున ప్రొటెస్టెంటగు ఎర్స్కిన్ చైల్డర్స్‌ను పంపెను. దేశమును ఏకము చేయగోరినవాని కడపటి యాత్రలో దేశము గుమ్మమునకు లోపల కొంత, వెలుపల కొంతగా నిలిచెను. ఆ గుమ్మమును ఏ బ్రిటిష్ చట్టమును గీయలేదు.

కాలము కొన్ని గీతలను చెరిపినది. క్రీడాసంఘము 1971లో తన బహిష్కార నియమమును తీసివేసెను. రాస్‌కామన్‌లోని దాని ఆటస్థలమునకు హైడ్ పేరే పెట్టబడినది. 1973లో ఆ చైల్డర్స్ అధ్యక్షుడయ్యెను. మరుసటి యేడు ఆయన మరణింపగా, అదే దేవాలయమున కాథలిక్ నాయకులును లోపల కూర్చుండి ప్రార్థించిరి. 2022లో ఉత్తర ఐర్లండునను ఐరిష్ భాషకు చట్టబద్ధమైన గుర్తింపు లభించెను.

విద్యార్థులారా! హైడ్‌కు ఐరిష్ తల్లి నేర్పిన భాష కాదు. పొరుగు పేదవాని నోట విని వలచిన భాష. మన భాషను మనము ప్రేమించుట మంచిదే. కాని ఆ భాషతో కట్టిన ఇంటికి గుమ్మము ఎంత వెడల్పుగా నున్నదో కూడ చూచుకొనవలెను. పొరుగువాడు తల వంచకుండ లోనికి రాగలిగినప్పుడే అది నిలిచెడి ఇల్లు.