దివిసీమ జ్ఞాపకాన్ని నిలిపిన భాషాసేవకుడు మండలి వెంకట కృష్ణారావు

(నవంబరు 19 - దివిసీమ ఉప్పెన మృతుల సంస్మరణ సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

మంగళగిరి, నవంబరు 18: తెలుగువారి చరిత్రలో 1977 నవంబరు 19 ఒక చీకటి దినం. ఆనాటి ఉప్పెన కృష్ణానది సాగరసంగమ ప్రాంతమైన దివిసీమను కొద్ది గంటల్లో శ్మశానంగా మార్చింది. ఆ విపత్తు సమయంలో రాష్ట్ర విద్యా, సాంస్కృతిక వ్యవహారాల మంత్రిగానూ, అవనిగడ్డ శాసనసభ్యునిగానూ ఉన్న శ్రీ మండలి వెంకట కృష్ణారావు ఆ సీమ పునర్నిర్మాణానికి అంకితమై దివిసీమ గాంధీగా ప్రజల మన్ననలు పొందారు. అంతకు రెండున్నరేళ్ల ముందే ప్రపంచం నలుమూలల ఉన్న తెలుగువారిని ఒకే వేదికపైకి తెచ్చిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యం వహించిన వారు కూడా ఆయనే. భాషాసేవ, బాధితుల సేవ అనే రెండు కార్యాలు ఒకే జీవితంలో పెనవేసుకుపోవడం శ్రీ కృష్ణారావు ప్రత్యేకత.

కృష్ణమ్మ ఒడిలోని ప్రాచీన సీమ

పులిగడ్డ వద్ద కృష్ణానది చీలికలై సముద్రం వైపు సాగే క్రమంలో ఏర్పడిన లంక భూమి దివిసీమ. నేటి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఈ సీమలోనివే. నాలుగు వైపులా నీరే ఉన్న ఈ గడ్డ ధాన్యానికి, మత్స్యసంపదకు ఎంత ప్రసిద్ధమో, సంస్కృతికీ అంతే ప్రసిద్ధం. నది సముద్రంలో కలిసే హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. సమీపంలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కొలువై ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ కలిగినది ఈ క్షేత్రంలోనే. ప్రాచీన బౌద్ధ కేంద్రమైన ఘంటసాల, పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ, నాట్యక్షేత్రమైన కూచిపూడి ఈ పరిసరాల్లోనివే.

ఇంతటి వారసత్వం కలిగిన తీరానికి సముద్రం నుండి ముప్పు కొత్త కాదు. 1864 నవంబరు 1న సంభవించిన తుపానుకు సముద్రం పొంగి మచిలీపట్నాన్ని ముంచెత్తింది. ఆ విపత్తులో పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ సుమారు 30,000 మంది మరణించారు. దేశ దేశాలకు కలంకారీ వస్త్రాలను పంపిన రేవుపట్టణం ఆ దెబ్బ నుండి పూర్వవైభవానికి తిరిగి రాలేకపోయింది. గోదావరి తీరంలోని కోరంగి రేవు కూడా 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలలో దెబ్బతిని తన ప్రాభవాన్ని కోల్పోయింది. రేవు కనుమరుగైనా, ఆ తీరం నుండి ఓడలెక్కిన తెలుగువారిని బర్మా, మారిషస్ దేశాలలో చాలాకాలం కోరంగివారనే పిలిచారు. ఊరు పోయినా పేరు మనుషుల వెంట నిలిచిందనడానికి ఇది నిదర్శనం.

జననం, ప్రజాజీవితం

శ్రీ కృష్ణారావు 1926 ఆగస్టు 4న నాటి కృష్ణా జిల్లా కైకలూరు ప్రాంతంలోని పల్లెవాడ గ్రామంలో జన్మించారు. కొల్లేటి సీమలో పుట్టిన ఆయన దివిసీమనే కార్యక్షేత్రంగా ఎంచుకుని అవనిగడ్డ కేంద్రంగా జీవితమంతా గడిపారు. గాంధేయ మార్గాన్ని ఆచరించి, నిరాడంబరతకు మారుపేరుగా నిలిచారు. 1957లో మచిలీపట్నం నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికై 1962 వరకు సభ్యునిగా వ్యవహరించారు. అనంతరం 1972, 1978, 1983 ఎన్నికలలో అవనిగడ్డ నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. శ్రీ జలగం వెంగళరావు మంత్రివర్గంలో విద్య, సాంస్కృతిక వ్యవహారాల శాఖలను నిర్వహించారు.

ప్రపంచ తెలుగు మహాసభలు

ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల అనంతరం రాష్ట్ర ప్రజల మధ్య సయోధ్యను పెంపొందించవలసిన తరుణంలో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 1975 ఏప్రిల్ 12న ఉగాది పర్వదినాన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ప్రారంభమైన ఈ సభలు వారం రోజుల పాటు సాగాయి. సభల సందర్భంగా భారత తపాలా శాఖ ప్రత్యేక స్టాంపును విడుదల చేసింది. శంకరంబాడి సుందరాచారి రచించిన మా తెలుగు తల్లికి మల్లెపూదండ గీతాన్ని శ్రీమతి టంగుటూరి సూర్యకుమారి ఈ సభలలో ఆలపించారు.

ఈ సభల నిర్వహణ భారాన్ని విద్యాశాఖ మంత్రిగా శ్రీ కృష్ణారావు భుజాన వేసుకున్నారు. మారిషస్, మలేషియా తదితర దేశాలలో తరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాతృభూమితో తిరిగి అనుబంధం ఏర్పడింది. పండుగ ముగియగానే పని ముగిసిపోరాదన్న ఉద్దేశంతో అదే సంవత్సరం హైదరాబాద్‌లో అంతర్జాతీయ తెలుగు సంస్థ ఏర్పాటైంది. రాష్ట్రం వెలుపల, దేశం వెలుపల ఉన్న తెలుగువారికి భాషను బోధించడం, వారితో సాంస్కృతిక సంబంధాలను కొనసాగించడం ఈ సంస్థకు అప్పగించిన బాధ్యతలు.

ఉప్పెన విలయం

1977 నవంబరు రెండో వారంలో బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం తీవ్ర తుపానుగా మారి, నవంబరు 19 శనివారం నాడు ఆంధ్ర తీరాన్ని తాకింది. పెనుగాలులకు తోడు సుమారు 5 మీటర్ల ఎత్తున ఎగసిన కడలి కెరటాలు కిలోమీటర్ల కొద్దీ లోనికి చొచ్చుకువచ్చాయి. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, ఎదురుమొండి తదితర గ్రామాలు నీట మునిగాయి. పూరిళ్లు నామరూపాలు లేకుండా పోయాయి. చేతికి అందివస్తున్న వరి పైరు ఉప్పునీటి పాలైంది. సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. వేలాది పశువులు మృత్యువాత పడ్డాయి. టెలిఫోను తీగలు తెగి, చెట్లు కూలి రహదారులు మూసుకుపోవడంతో విపత్తు తీవ్రత బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు.

తుపాను హెచ్చరిక ఉన్నప్పటికీ సముద్రమే ఊరి మీదికి వస్తుందన్న ఊహ ప్రజలకు లేకపోయింది. 113 సంవత్సరాల క్రితం పొరుగునే ఉన్న బందరులో జరిగిన ఘోరం జనం నోట జాగ్రత్తగా నిలవలేదు. ఎత్తైన ప్రదేశాలు, గట్టి కట్టడాలు అరుదైన పల్లెల్లో తలదాచుకునే చోటు దొరకలేదు. మృతులలో అధికులు తీరం వెంట నివసించే మత్స్యకారులు, యానాదులు, వ్యవసాయ కూలీలు. కొన్ని ఇళ్లలో ఒక్కరూ మిగలలేదు. చనిపోయినవారి పేరు చెప్పడానికి, కర్మకాండ జరపడానికి సైతం మనిషి లేని కుటుంబాలు ఎన్నో. ప్రాణనష్టంతో పాటు ఆ పల్లెల జ్ఞాపకం కూడా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఆనాడు ఏర్పడింది.

పునర్నిర్మాణ దీక్ష

ఈ పరిస్థితిలో శ్రీ కృష్ణారావు దివిసీమ ప్రజల మధ్యనే ఉండి సహాయ కార్యక్రమాలను నడిపించారు. మృతదేహాలకు అంత్యక్రియలు, బతికినవారికి ఆహారం, తాగునీరు, వైద్యం, వస్త్రాలు తొలి అవసరాలు కాగా, ఇళ్ల నిర్మాణం, ఉప్పు పట్టిన పొలాల బాగుచేత, జాలర్లకు పడవలు, వలలు సమకూర్చడం తదుపరి కర్తవ్యాలయ్యాయి. ప్రభుత్వ యంత్రాంగం ఒక్కటే ఈ భారాన్ని మోయజాలదు కనుక దేశ విదేశాల స్వచ్ఛంద సంస్థలను ఆయన దివిసీమకు ఆహ్వానించారు. మతాలకు, సిద్ధాంతాలకు అతీతంగా అనేక సేవాసంస్థలు తరలివచ్చి గ్రామాలను పునర్నిర్మించాయి. సినీ కథానాయకులు శ్రీ నందమూరి తారక రామారావు, శ్రీ అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి ప్రజల నుండి విరాళాలు సేకరించారు. తెలుగునాట ప్రతి పట్టణం తన వంతు సాయం అందించింది.

పక్కా ఇళ్లతో కాలనీలు వెలియడం ఈ పునర్నిర్మాణంలో కళ్లకు కనిపించే భాగం. కంటికి కనిపించని భాగం మరొకటి ఉంది. అవనిగడ్డలో శ్రీ కృష్ణారావు నెలకొల్పిన గాంధీక్షేత్రం సేవా కార్యక్రమాలతో పాటు సాహిత్య, సాంస్కృతిక కార్యక్రమాలకూ వేదికైంది. సర్వం కోల్పోయిన ప్రాంతంలో కవి, కళాకారుడు, ఉపాధ్యాయుడు మళ్లీ ప్రజల ముందు నిలవగలిగారు. దివిసీమలో ఉప్పెన మృతుల స్మారక స్తూపాలు వెలిశాయి. ఏటా నవంబరు 19న ప్రజలు, ప్రజాప్రతినిధులు, అధికారులు వాటి వద్ద నివాళులు అర్పించే ఆనవాయితీ స్థిరపడింది. పేరు చెప్పేవారు లేని మృతులకు ఊరంతా బంధువై నిలవడం ఈ ఆనవాయితీలోని అంతరార్థం.

భాషా సంస్కృతులకు ఎడతెగని సేవ

ఉప్పెన తర్వాత కూడా శ్రీ కృష్ణారావు భాషా కార్యక్రమాలను విడిచిపెట్టలేదు. రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లోనూ, మూడవ మహాసభలు 1990లో మారిషస్‌లోనూ జరిగాయి. 1975లో హైదరాబాద్‌లో పడిన బీజం ఆ దేశాలలో మొలకెత్తడం ఆయన కృషికి దక్కిన సార్థకత. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం ఆవిర్భవించినప్పుడు అంతర్జాతీయ తెలుగు సంస్థ అందులో విలీనమైంది. దివిసీమకు పొరుగునే ఉన్న కూచిపూడిలోని సిద్ధేంద్ర కళాక్షేత్రం కూడా తదుపరి అదే విశ్వవిద్యాలయంలో చేరి, నాట్య శిక్షణను కొనసాగించింది. ఒక వ్యక్తి ఉత్సాహంతో మొదలైన పని సంస్థగా మారినప్పుడే తరాలకు అందుతుందన్న సత్యం ఇక్కడ రుజువైంది.

జ్ఞాపకమే రక్షణ కవచం

1977 అనుభవం విపత్తుల నిర్వహణలో పెద్ద మార్పులకు దారితీసింది. కోస్తా గ్రామాలలో తుపాను రక్షణ భవనాలు నిర్మితమయ్యాయి. మచిలీపట్నంలో వాతావరణ రాడార్ ఏర్పాటైంది. లోతట్టు ప్రాంతాల ప్రజలను ముందుగా తరలించే విధానం రూపుదిద్దుకుంది. 1990 మే 9న దాదాపు అంతటి తీవ్రత గల తుపాను ఇదే కృష్ణా తీరాన్ని తాకింది. అప్పటికే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు చేర్చడంతో మృతుల సంఖ్య వెయ్యి లోపునకు పరిమితమైంది. అదీ చిన్న నష్టం కాదు. అయినా 1977తో పోల్చినప్పుడు వేలాది ప్రాణాలు దక్కాయి. హెచ్చరిక వినగానే ప్రజలు ఇళ్లు విడిచి కదలడానికి అధికారుల ప్రయత్నంతో పాటు 13 సంవత్సరాల నాటి ఉప్పెన జ్ఞాపకం కూడా కారణమని చెప్పక తప్పదు. 1864 నాటి విషాదం మరుగున పడినందున 1977లో జరిగిన నష్టానికీ, 1977 మరువనందున 1990లో తగ్గిన నష్టానికీ మధ్యనున్న తేడా ఇదే.

ఈ పాఠం నేటికీ వర్తిస్తుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.10 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనప్పుడు కృష్ణా లంకలు, దివిసీమ పల్లెలు మరోమారు జలదిగ్బంధంలో చిక్కాయి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డు మారింది. అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడ నగరంలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. ఇళ్లలోని సామగ్రితో పాటు ధ్రువపత్రాలు, పుస్తకాలు, పెద్దల ఛాయాచిత్రాలు తడిసి పాడయ్యాయి. ఆస్తి నష్టాన్ని లెక్కగట్టే పట్టికలలో ఇటువంటి వాటికి గడి ఉండదు. నీటిమట్టం ఎంతవరకు వచ్చింది, ఏ వీధి ముందు మునిగింది, ఎవరు ఎవరిని ఆదుకున్నారు అన్న వివరాలు నమోదై భద్రంగా ఉంటేనే తర్వాతి తరం జాగ్రత్తపడగలుగుతుంది. గ్రంథాలయం, పాఠశాల, స్థానిక పత్రిక ఈ విషయంలో సహాయ శిబిరంతో సమానమైన సేవ చేయగలవు.

చిరస్మరణీయుడు

శ్రీ మండలి వెంకట కృష్ణారావు 1997 సెప్టెంబరు 27న పరమపదించారు. మొదటి ప్రపంచ తెలుగు మహాసభల పేరు తలచినప్పుడు హైదరాబాద్‌లోనూ, ఉప్పెన పేరు తలచినప్పుడు దివిసీమలోనూ ఆయన పేరే ముందుగా వినవస్తుంది. వేదికపై వెలిగిన భాష పల్లెలోని చివరి గుడిసెకు కూడా చెందుతుందనీ, ఆ గుడిసె కొట్టుకుపోయిన నాడు దానిని నిలబెట్టడం భాషాసేవకుని విధి అనీ ఆయన తన ఆచరణ ద్వారా చాటారు. నవంబరు 19న ఉప్పెన మృతులకు అర్పించే నివాళిలో ఆ ఆచరణకు కూడా స్థానం ఉంది. మృతులను మరువకుండా ఉండటం, బతికున్నవారిని కాపాడుకునే ఏర్పాట్లను ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచుకోవడం ఆ మహనీయునికి నిజమైన శ్రద్ధాంజలి కాగలదు.