ఆల్ఫ్రెడ్ వెర్నర్

పందొమ్మిదవ శతాబ్దపు రసాయన శాస్త్రజ్ఞులను కోబాల్టు లవణాలు మిక్కిలి కలవరపెట్టినవి. మూడు క్లోరిన్ పరమాణువులతో తృప్తిపడవలసిన ఈ లోహం, ఆపైన ఆరు అమ్మోనియా అణువులను చేర్చుకొని బంగారు వన్నెగల స్ఫటికాలుగా రూపొందుతున్నది. అయిదింటిని చేర్చుకొంటే ఊదారంగు, నాలుగింటిని చేర్చుకొంటే ఆకుపచ్చ. సంయోజకత తీరిన లోహం ఈ అమ్మోనియాను ఏ బంధంతో పట్టి ఉంచుతున్నది? ఈ చిక్కును విప్పినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్.

అతడు 1866 డిసెంబరు 12వ తేదీన అల్సాస్ సీమలోని ములూజ్ పట్టణంలో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించినాడు. 1871లో ఆ సీమ ఫ్రాన్సు చేజారి జర్మనీ వశమైనది. ఇంటిలో ఫ్రెంచి అభిమానం చావలేదు. అయినా వెర్నర్ తన శాస్త్ర వ్యాసాలలో అధికభాగం జర్మను భాషలోనే వ్రాసినాడు. జూరిచ్ పాలిటెక్నిక్కులో చదివే రోజులలో అతడు రసాయనంలో మేటి. గణితంలోను, రేఖాగణిత చిత్రణలోను మాత్రం బహు వెనుకబడినవాడు. ఘనాకృతులను మనస్సులో త్రిప్పి చూడగల నేర్పులో తరువాత అతనికి సాటి లేకపోయిన సంగతి తలచుకొంటే, పరీక్షలు కొలిచేది ఒకటి, బుద్ధి చేసేది వేరొకటి అనిపించక మానదు. 1890లో ఆర్థర్ హాంట్ష్ వద్ద నత్రజని సమ్మేళనాల ప్రాదేశిక నిర్మాణంపై పరిశోధించి డాక్టరేటు పొందినాడు.

1892లో ఒకనాటి రాత్రి రెండు గంటలకు అతనికి మెలకువ వచ్చినదట. అంతవరకు వేధిస్తున్న సమస్యకు సమాధానం మెరుపువలె తోచినది. లేచి వ్రాయనారంభించి, మరునాటి సాయంకాలం అయిదు గంటలకు వ్యాసం ముగించినాడు. అది 1893లో ప్రకటితమైనది. ఆ సంవత్సరమే జూరిచ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించినది. అప్పటికి ఈ లవణాలపై అతడు స్వయంగా చేసిన ప్రయోగాలు లేవనే చెప్పాలి.

లోహానికి రెండు తెగల సంయోజకతలు గలవని అతని ఊహ. మొదటిది విద్యుదావేశానికి సంబంధించినది. ఈ లవణాలలో కోబాల్టుకు అది మూడు. రెండవది లోహాన్ని చుట్టి అంటిపెట్టుకొన్న వాటి సంఖ్య, అది ఆరు. ఆ ఆరూ ఒక అష్టముఖి శిఖరాలలో నిలుస్తవి. అమ్మోనియా ఒకటి తొలగితే ఆ చోటును క్లోరిన్ ఆక్రమిస్తుంది. అట్లు లోపల చిక్కిన క్లోరిన్ సిల్వరు నైట్రేటుకు అందదు. అందువల్లనే బంగారు వన్నె లవణంలో మూడు క్లోరిన్లూ తెల్లని అవక్షేపంగా దిగుతవి; ఊదా లవణంలో రెండు, ఆకుపచ్చ లవణంలో ఒకటి మాత్రమే.

కోపెన్‌హేగెన్ ఆచార్యుడు యోర్గెన్‌సెన్ దీనిని అంగీకరించలేదు. ఈ లవణాలలో అనేకం తయారుచేసిన ప్రయోగదక్షుడాయన. అమ్మోనియా అణువులు గొలుసులుగా అల్లుకొన్నవని ఆయన మతం. ఆ మతం కూడా అప్పటికి తెలిసిన విషయాలను చాలవరకు వివరించగలిగినది; కనుక ఆ వృద్ధాచార్యుని పట్టుదలను మూర్ఖత్వమనరాదు. వెర్నర్, మియొలాతి అనే మిత్రునితో కలిసి లవణ ద్రావణాల విద్యుద్వాహకతను కొలిచినాడు. మూడే అమ్మోనియాలు గల నైట్రైటు లవణం విద్యుత్తును దాదాపు ప్రసరింపనీయలేదు. అంటే చుట్టిన ఆరింటిలో ఏదీ అయానుగా విడిపోలేదన్నమాట.

ఇంకొక లోటు మిగిలినది. అష్టముఖిలో రెండు క్లోరిన్లు ఎదురెదురుగానైనా, ప్రక్కప్రక్కనైనా ఉండవచ్చును. కనుక నాలుగు అమ్మోనియాల లవణం రెండు రూపాలలో ఉండాలి. ఆకుపచ్చది ఉన్నది. రెండవది ఏది? పదునాలుగేళ్లు ఈ ప్రశ్న నిలిచినది. 1907లో వెర్నర్ ఆ నీలలోహిత లవణాన్ని సాధించినాడు. యోర్గెన్‌సెన్ తన ఓటమిని నిండు మనస్సుతో ఒప్పుకొన్నాడు.

అంతటితో వెర్నర్ తృప్తిచెందలేదు. లోహం చుట్టూ ఉన్న అమరిక నిజంగా అష్టముఖియే అయితే, కొన్ని సమ్మేళనాలు కుడిచేయి ఎడమచేయి వలె, అద్దంలో బింబ ప్రతిబింబాల వలె జంటలుగా ఉండాలి. ఒకటి ధ్రువిత కాంతి తలాన్ని కుడికి, రెండవది ఎడమకు త్రిప్పాలి. ఏళ్ల తరబడి ప్రయత్నించిన మీదట 1911లో అమెరికా శిష్యుడు విక్టర్ కింగ్‌తో కలిసి, కర్పూరం నుండి పొందిన ఆమ్లపు లవణం సాయంతో అట్టి జంటను వేరుచేసినాడు. 1913లో నోబెల్ బహుమానం లభించినది. రసాయనంలో ఆ గౌరవం పొందిన మొదటి స్విస్ పౌరుడతడే.

అయినా సంశయాత్ములు నోరు మూయలేదు. కాంతిని త్రిప్పే గుణం కర్బనానిదే, ఆ సమ్మేళనంలోని ఇథిలీన్ డైఅమీనులో కర్బనమున్నది కదా అని వారి వాదం. 1914లో వెర్నర్ కర్బనం లేశమైనా లేని సమ్మేళనం ఒకదానిని, నాలుగు కోబాల్టు పరమాణువులు గలదానిని, కుడి ఎడమలుగా విడదీసి చూపినాడు. దానిని మొదట 1898లో తయారుచేసినవాడు యోర్గెన్‌సెనే! ఆయన ఆ 1914లోనే కన్నుమూసినాడు.

వెర్నర్ వద్ద రెండువందల మందికి పైగా విద్యార్థులు డాక్టరేటు పరిశోధన చేసినారు. 1909లో క్రొత్త ప్రయోగశాల ఏర్పడేవరకు వారు పనిచేసినది గాలి వెలుతురు చొరని నేలమాళిగలో. దానిని వారే భూగృహ శ్మశానమని పరిహసించేవారు. విశ్రాంతి ఎరుగని శ్రమ, పొగాకు, మద్యం వెర్నర్ దేహాన్ని క్రుంగదీసినవి. రక్తనాళాలు గట్టిపడే వ్యాధి సోకి, జ్ఞాపకశక్తి సన్నగిల్లినది. 1919 అక్టోబరులో ఉద్యోగం వదలుకొన్నాడు. నవంబరు 15వ తేదీన, తన ఏబదిమూడవ ఏట, జూరిచ్‌లో మరణించినాడు.