పచ్చిక బీడులో దాగిన చావు

ఐగుప్తు పశువుల మీదికి వచ్చిన భయంకరమైన తెగులు గురించి నిర్గమకాండము 9వ అధ్యాయంలో చదువుతాం. అది ఆంత్రాక్స్ అయివుండవచ్చని కొందరు పండితులు ఊహిస్తారు. మన పల్లెల్లో దొమ్మరోగం అని పిలిచే ఈ జబ్బు గుట్టు విప్పిన రాబర్ట్ కోచ్ గనుల ఊరి బిడ్డ. జర్మనీలోని క్లౌస్తాల్‌లో 1843 డిసెంబరు 11న పుట్టాడు. తండ్రి గనుల అధికారి. ఇంట్లో పదముగ్గురు పిల్లలు. గని మీద బతికే ఊరు ఎలా ఉంటుందో గోదావరిఖని వారికి వేరే చెప్పనక్కరలేదు.

వైద్యం చదివి, 1872లో వోల్‌స్టయిన్ అనే చిన్న ఊరికి ప్రభుత్వ వైద్యుడిగా వెళ్లాడు. ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. రోగులను చూసే గదిలోనే ఒక మూల తెర కట్టుకున్నాడు. భార్య ఎమ్మీ కానుకగా ఇచ్చిన సూక్ష్మదర్శినే ఆయన ఆస్తి.

ఆ ప్రాంతంలో గొర్రెలు, ఆవులు ఉన్నట్టుండి కూలిపోయేవి. వాటి రక్తంలో కడ్డీల్లాంటి సూక్ష్మజీవులు ఉంటాయని అంతకుముందే కొందరు చూశారు. అయితే అవి ఎక్కువ రోజులు బతకవు. మరి ఏళ్ల తరబడి వదిలేసిన బీడులోకి మందను తోలితే మళ్లీ ఎందుకు చస్తున్నాయి? రైతులు ఆ నేలకు శాపం తగిలిందనేవారు. కోచ్ ఎద్దు కంటిలోని నీటి చుక్కలో ఆ కడ్డీలను పెంచి, గంటల తరబడి చూస్తూ కూర్చున్నాడు. అవి దారాల్లా సాగి, లోపల పూసల్లాంటి గింజలు కట్టాయి. అవే సిద్ధబీజాలు. ఎండినా చావవు, మట్టిలో దశాబ్దాలు ఉండగలవు. వానకు మట్టి కదిలితే పైకి వస్తాయి. గడ్డిని మొదలంటా కొరికే గొర్రె మట్టితోపాటు వాటిని మింగుతుంది. 1876లో బ్రెస్లావ్ వెళ్లి పండితుల ముందు ఇదంతా చేసి చూపించాడు.

ఈ గింజలు కట్టడానికి గాలి కావాలి. కోయని కళేబరంలో ఆ క్రిములు కుళ్లి నశిస్తాయి. కోస్తే, రక్తం నేలమీద పడితే, ఆ చోటు ఏళ్లపాటు చావును దాచుకుంటుంది. కానీ చచ్చిన గొర్రెను పారేయడం కాపరికి ఎంత కష్టం! కనీసం మాంసమైనా దక్కుతుందని కోసి పంచుకుంటారు. కోసిన చేతికీ జబ్బు అంటుకుంటుంది. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు ఈ రోగంతోనే చనిపోయాయి. మిగిలిన మందకు టీకా వేయించాలి, చచ్చినదాన్ని కోయకుండా కాల్చాలి లేదా లోతుగా పూడ్చాలి.

1882లో క్షయ క్రిమిని కనిపెట్టాడు. తర్వాత కలరా జాడ వెతుకుతూ కలకత్తా వచ్చి, 1884లో అక్కడి చెరువు నీటిలో ఆ క్రిమిని చూశాడు. 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆయన జీవితమంతా ఆదర్శమని చెప్పలేం. కష్టకాలంలో తోడున్న ఎమ్మీకి 1893లో విడాకులిచ్చి మరో పెళ్లి చేసుకున్నాడు. క్షయకు మందు దొరికిందని 1890లో తొందరపడి ప్రకటించాడు, అది పనిచేయలేదు. 1901లో లండన్ సభలో, పశువుల క్షయ వల్ల మనుషులకు పెద్దగా ప్రమాదం లేదన్నాడు. అంతటి వైద్యుడి మాట కాబట్టి లోకం ఉలిక్కిపడింది. బ్రిటన్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. పచ్చి పాల ద్వారా పశువుల క్షయ మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లలకు సోకుతుందని 1911లో అది తేల్చింది. అప్పటికి కోచ్ లేడు. 1910 మే 27న బాడెన్ బాడెన్‌లో కన్నుమూశాడు.