హావర్త్ గురువు కుమార్తె

ఇంగ్లండు దేశపు ఉత్తర భాగమందలి యార్క్‌షైర్ సీమలో హావర్త్ అను కొండ గ్రామము కలదు. నిట్టనిలువైన వీధి చివర దేవాలయము, దాని ప్రక్క సమాధుల తోట, ఆ తోటకు ఎదురుగా రాతితో కట్టిన గురుగృహము. ఇంటి వెనుకనుండి మొదలుకొని కనుచూపు మేర చెట్లు లేని బీడు భూములు, వాటిపై ఎడతెగక వీచు గాలి. 1850లో ప్రభుత్వ తనిఖీ అధికారి బాబేజ్ ఆ గ్రామమును పరిశీలించినప్పుడు అచ్చట మరణించువారి సగటు వయస్సు 26 సంవత్సరములకు మించలేదని, చనిపోవువారిలో నూటికి 40 మందికి పైగా ఆరేండ్లలోపు పిల్లలేనని తేలెను. ఆంగ్ల నవలలలో ప్రేమను గూర్చి, వివాహమును గూర్చి మిక్కిలి ధైర్యముగా వ్రాయబడిన గ్రంథము ఒకటి ఆ సమాధుల యెదుటి యింటినుండి వెలువడినది. దానిని వ్రాసిన షార్లట్ బ్రాంటీ అప్పటికి వివాహము కాని గురువు కుమార్తె.

ఆమె 1816 ఏప్రిల్ 21న థార్న్‌టన్‌లో జన్మించెను. తండ్రి పాట్రిక్ ఐర్లండులో పేద యింట పుట్టి, స్వశక్తిచే కేంబ్రిడ్జిలో చదివి, ఆంగ్లికన్ సంఘమున గురువైన వాడు. తల్లి మేరియా కార్న్‌వాల్ సీమ వనిత. 1820లో కుటుంబము హావర్త్ చేరెను. మరుసటి సంవత్సరమే తల్లి ఆరుగురు చిన్నపిల్లలను విడిచి కన్ను మూసెను. పాట్రిక్ మరల వివాహమాడ ప్రయత్నించెను గాని, స్వల్ప జీతమును ఆరుగురు బిడ్డలును గల గురువును చేపట్టుటకు ఏ స్త్రీయు సమ్మతింపలేదు. పిల్లల పెద్దమ్మ ఎలిజబెత్ వచ్చి యింటి భారము వహించెను. 1824లో నలుగురు ఆడపిల్లలను కోవన్ బ్రిడ్జిలోని గురువుల కుమార్తెల పాఠశాలకు పంపిరి. చలి, చాలని తిండి, జ్వరములు వారి గతి యయ్యెను. 1825లో పెద్ద పిల్లలైన మేరియా, ఎలిజబెత్ ఇద్దరును క్షయతో మరణించిరి. తొమ్మిదేండ్ల షార్లట్ నాటినుండి యింటికి పెద్ద కుమార్తె యయ్యెను.

గురుగృహము గురువు ఉద్యోగముతో కూడినది. తండ్రి మరణించిన మరునాడు ఆ యింట పిల్లలకు నిలువ నీడ ఉండదు. కుమారుడైన బ్రాన్‌వెల్‌పై పెట్టుకొనిన ఆశలు ఒక్కటొక్కటిగా సడలుచుండెను. నాటి మర్యాదస్తుల యింటి ఆడపిల్లకు జీవనాధారములు రెండే: పరుల యింట పిల్లలకు చదువు చెప్పుట, లేదా పెండ్లి. షార్లట్ మొదటిది చేసి చూచెను. రో హెడ్ పాఠశాలలో ఉపాధ్యాయినిగా మూడేండ్లు, పిమ్మట ధనికుల గృహములలో పిల్లల శిక్షకురాలిగా కొన్ని నెలలు గడపెను. పనివారికి పైన, ఇంటివారికి క్రింద ఉండు ఆ బ్రతుకు ఆమెకు సరిపడలేదు.

ఇట్టి స్థితిలో, 1839 మార్చి నెలలో, వివాహ ప్రస్తావన వచ్చెను. అడిగినవాడు ప్రాణస్నేహితురాలైన ఎలెన్ నస్సీ అన్న హెన్రీ; సహాయ గురువు, భక్తిపరుడు, మంచివాడు. కొలది దినముల ముందే వేరొక యువతిని అడిగి కాదనిపించుకొని, గృహకార్యములకును పాఠశాలకును తోడు కావలెనని షార్లట్‌కు ఉత్తరము వ్రాసెను. ఒప్పుకొనినచో ఆమెకు స్వంత యిల్లు, గౌరవము, ఎలెన్ సాంగత్యము మూడును లభించును. వయస్సు 22, అందగత్తె కాదని తన్ను గూర్చి తానే ఎరిగియుండెను. అట్టి అవకాశము మరల రాదని తలచియు ఆమె మర్యాదగా నిరాకరించెను. అతని కొరకు ప్రాణమిచ్చునంతటి ప్రేమ తనకు లేదని, అది లేక భార్య కాజాలనని స్నేహితురాలికి తెలిపెను. అదే సంవత్సరము ఐర్లండు దేశీయుడైన మరియొక సహాయ గురువు ఒక్క సాయంకాలపు పరిచయముతోనే ఉత్తరమున పెండ్లి మాట ఎత్తగా ఆమె నవ్వుకొని అతనిని కూడ కాదనెను.

వలదనుట ఒక సంగతి, వలచుట మరియొక సంగతి. 1842లో చెల్లెలు ఎమిలీతో కలిసి ఫ్రెంచి భాషాభ్యాసమునకై బ్రస్సెల్స్ నగరము వెళ్లెను; స్వంతముగా పాఠశాల తెరువవలెనని వారి ఆలోచన. అచ్చటి ఉపాధ్యాయుడు కాన్‌స్టాంటిన్ ఎజే ప్రజ్ఞావంతుడు, కోపిష్ఠి, విద్యార్థుల వ్రాతలను తునాతునకలుగా విమర్శించువాడు. ఆమె బుద్ధికి సరితూగిన మొదటి పురుషుడు ఆయనయే. అయితే ఆయన వివాహితుడు, బిడ్డల తండ్రి, పాఠశాల యజమానురాలి భర్త. 1843లో షార్లట్ ఒంటరిగా అచ్చటికి మరలి వచ్చి, ఆ సెలవు దినములలో దిక్కుతోచక తిరుగుచు, ఒక సాయంకాలము కథోలిక దేవాలయములో ప్రవేశించి గురువునొద్ద ఒప్పుకోలు చేసెను. ప్రొటెస్టంటు గురువు కుమార్తె చేసిన యీ పనిని ఎమిలీకి మాత్రమే వ్రాసి, తండ్రికి తెలుపవలదని కోరెను. ఆ గదిలో ఏమి ఒప్పుకొనెనో ఎన్నడును వెల్లడింపలేదు.

1844 జనవరిలో ఆమె యింటికి వచ్చివేసెను. అటు పిమ్మట ఎజేకు వ్రాసిన ఉత్తరములలో నాలుగు మిగిలియున్నవి. జవాబు కొరకు భిక్షగత్తెవలె ఎదురుచూచు హృదయము వాటిలో కనబడును. ఆయన వాటిలో మూడింటిని చింపివేయగా భార్య ఆ ముక్కలను ఏరి, అతికి, కుట్టి దాచెను. 1913లో వారి పిల్లలు వాటిని బ్రిటిష్ మ్యూజియమునకు అప్పగించిన తరువాత గాని లోకమునకు ఈ సంగతి పూర్తిగా తెలియలేదు. 1845 నవంబరు తరువాత ఆమె మరల వ్రాసినట్లు ఆధారము లేదు. ఆ సంవత్సరమే తమ్ముడు బ్రాన్‌వెల్ పని చేయుచున్న యింటినుండి తొలగింపబడి వచ్చి, యజమాని భార్యపై పెంచుకొనిన మోహముతో మద్యమునకు, నల్లమందునకు బానిసయై ఇంటిల్లిపాది యెదుట కూలిపోవుచుండెను. తగని ప్రేమ మనిషిని ఏమి చేయునో షార్లట్ రెండు వైపులనుండి చూచెను.

1846లో అక్కచెల్లెండ్రు ముగ్గురు పురుషుల పేర్లవలె తోచు మారుపేర్లతో ఒక కవితా సంపుటిని స్వంత ధనముతో అచ్చు వేసిరి. మొదట అమ్ముడుపోయినవి రెండు ప్రతులు. ఆ ఆగస్టులో చూపు మందగించిన తండ్రికి మాంచెస్టర్‌లో కంటి శస్త్రచికిత్స జరిగెను. నాడు మత్తుమందు లేదు. ఆయన చీకటి గదిలో కట్టుతో పడియుండగా, తన మొదటి నవల ప్రచురణకర్త యొద్దనుండి తిరిగి వచ్చిన దినములలోనే, షార్లట్ ఆ అద్దె యింట కూర్చుండి క్రొత్త నవల ఆరంభించెను. అదియే 1847 అక్టోబరులో లండనులోని స్మిత్ ఎల్డర్ సంస్థవారు ప్రచురించిన జేన్ ఐర్.

కథ చదువరులలో చాలమందికి తెలిసినదే. అనాథయైన జేన్ థార్న్‌ఫీల్డ్ భవనములో శిక్షకురాలు. యజమాని రోచెస్టర్, ఆమె పరస్పరము ప్రేమింతురు. దేవాలయములో వివాహము జరుగు ఘడియలో, అతనికి మతి చలించిన భార్య మేడమీద బ్రతికియున్నదని బయలుపడును. తనతో విదేశమునకు వచ్చి జీవింపుమని అతడు బతిమాలును. ఆమెకు బంధువులు లేరు, ధనము లేదు, నిందించువారు కూడ లేరు. ఆపునది దేవుని ధర్మమును ఆత్మగౌరవమును మాత్రమే. ఆ రాత్రి ఆమె వెడలిపోవును. ఇంతవరకు ఏ నీతి కథయైనను చెప్పగలదు. షార్లట్ గొప్పతనము దాని తరువాతి భాగమున ఉన్నది. జేన్‌కు ఆశ్రయమిచ్చిన సెయింట్ జాన్ రివర్స్ అను యువ గురువు మిషనరీగా హిందూదేశమునకు వెళ్లనున్నాడు. ఆమెకు హిందుస్తానీ నేర్పును. పరిచర్యకు తగిన మనిషియని యెంచి, భార్యగా తోడు రమ్మనును. అతనికి ఆమెపై ప్రేమ లేదు, ఆ సంగతి దాచనూ దాచడు. ఇది దైవపిలుపు అనును. సోదరిగా వచ్చి పాటుపడెదనని, ప్రేమ లేని భార్యగా రానేరనని జేన్ చెప్పును. వివాహము లేని ప్రేమను త్రోసివేసిన ఆ యువతియే ప్రేమ లేని వివాహమును, అది ఎంత పరిశుద్ధ కార్యము కొరకైనను, త్రోసివేయును. హెన్రీ నస్సీని ఎరిగినవారు సెయింట్ జాన్‌లో అతని పోలికలు కనుగొనిరి. ఏలయనగా హెన్రీ తలంపులలో కూడ మిషనరీ సేవ ఉండెను.

గ్రంథము విపరీతముగా అమ్ముడుపోయెను. నిందలు కూడ వచ్చెను. ఇది క్రైస్తవ విరుద్ధమని ఒక ప్రముఖ పత్రిక 1848లో తీర్పు చెప్పెను. లోకమర్యాద వేరు, నీతి వేరు అని రెండవ ముద్రణ పీఠికలో షార్లట్ అదివరకే తెలిపియుండెను. ఆ వాదమున ఆమెయే నెగ్గెననుట నేడు ఎవరికిని కష్టము కాదు. సెయింట్ జాన్‌ను మాత్రము ఆమె హేళన చేయలేదు. నవల చివరి పంక్తులు హిందూదేశములో మరణమున కెదురుచూచు అతనికే కేటాయించెను.

కీర్తితో కూడ మృత్యువు వచ్చెను. 1848 సెప్టెంబరులో బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మే నెలలో ఆన్. ఎనిమిది నెలలలో ముగ్గురు. భోజనాల గదిలో రాత్రివేళ బల్ల చుట్టు ముగ్గురు తిరుగుచు కథలు చెప్పుకొను అలవాటు ఉండెను; ఇప్పుడు ఒక్కరే తిరుగుచుండెను. 1851లో స్మిత్ ఎల్డర్ సంస్థ ఉద్యోగి జేమ్స్ టేలర్ బొంబాయికి పోవుటకు ముందు ఆమెను అడిగి, ఆమె మనస్సు మారకపోవుటచే ఒంటరిగా ఓడ ఎక్కెను.

ఆర్థర్ బెల్ నికొల్స్ 1845నుండి హావర్త్‌లో సహాయ గురువు. ఎనిమిదేండ్ల కాలము దేవాలయమునకును ఆ యింటికిని నడచిన మితభాషి; ఆమె అతనిని గూర్చి ప్రత్యేకముగా తలంచినది లేదు. 1852 డిసెంబరు 13 రాత్రి అతడు ఆమె గది తలుపు తట్టి, వణకుచు తన ప్రేమను తెలిపెను. ఆమె తండ్రికి చెప్పగా, ముసలి పాట్రిక్ కణతల నరములు ఉబ్బి, కన్నులు ఎఱ్ఱబడెను. సంవత్సరమునకు 100 పౌనుల జీతగాడు తన ప్రసిద్ధ కుమార్తెను కోరుటయా! మిగిలిన ఒక్క బిడ్డ కూడ చేయి జారునను భయము ఆ కోపము క్రింద ఉండెననుట స్పష్టమే. షార్లట్ మరునాడే నిరాకరణ వ్రాసెను. ఆమెకు అప్పటికి అతనిపై ప్రేమ లేదు. అయినను తండ్రి అన్యాయము ఆమె మనస్సును గాయపరచెను. నికొల్స్ ఆస్ట్రేలియాకు మిషనరీగా పోవుటకు దరఖాస్తు పెట్టి, తిరిగి తీసికొనెను. 1853 పెంతెకొస్తు పండుగనాడు ప్రభురాత్రి భోజన సంస్కారము జరిగించుచు ఆమె యెదుటికి వచ్చినప్పుడు నోట మాట రాక, ముఖము పాలిపోయి నిలిచిపోయెను. చూచుచున్న స్త్రీలు కంటతడి పెట్టిరి. ఊరు విడుచునాడు తోట గవిని యొద్ద ఆనుకొని ఏడ్చుచుండగా షార్లట్ స్వయముగా వెలుపలికి పోయి కొన్ని మాటలు చెప్పి పంపెను. ఆశ పెట్టలేదు, కాని పోనీయనూ లేదు.

అతడు ఉత్తరములు వ్రాసెను. అనేకము వచ్చిన తరువాత ఆమె జవాబిచ్చెను. తండ్రికి తెలియకుండ ఇది జరుగుట భరింపలేక కొన్ని నెలలకు తానే చెప్పివేసెను. అతని స్థానమున వచ్చిన సహాయ గురువు పనితనము పాట్రిక్ మనస్సు కరుగుటకు కొంత తోడ్పడియుండవచ్చును. అల్లుడు గురుగృహములోనే కాపురముండి తన పరిచర్యకు సహాయపడునను ఒప్పందముపై ఆయన సమ్మతించెను. నాటి ఇంగ్లీషు శాసనము ప్రకారము భార్య ఆస్తి అంతయు భర్తదే. షార్లట్ తన నవలల ఆదాయము తన అధీనములో నుండునట్లు వివాహమునకు ముందు పత్రము వ్రాయించెను. నికొల్స్ అభ్యంతరము చెప్పలేదు.

1854 జూన్ 29 ఉదయము ఎనిమిది గంటలకు వివాహము. ముందు రాత్రి తండ్రి తాను దేవాలయమునకు రానని చెప్పివేయగా, ఆమె పూర్వ ఉపాధ్యాయిని మార్గరెట్ ఊలర్ వధువును అప్పగించెను. వేల్స్, ఐర్లండు దేశములకు వెళ్లిరి. బానహర్‌లో భర్త పెరిగిన విశాలమైన గృహమును, బంధువుల సౌజన్యమును చూచి ఆమె ఆశ్చర్యపడెను. హావర్త్‌లో అతడు వాటిని గూర్చి గొప్పలు చెప్పుకొనినవాడు కాడు. తిరిగి వచ్చిన తరువాత వ్రాయుటకు ఆమెకు తీరిక చిక్కలేదు. రోగులను చూచుట, సంఘపు విందులు, భర్తతో నడకలు దినములను నింపెను. గౌరవముతో మొదలైనది ఆ నెలలలో ప్రేమగా మారెనని ఆమె ఉత్తరములనుండి తెలియుచున్నది. తాను వ్రాసిన నాయకులలో ఎవ్వరిని పోలని భర్త అతడు.

1855 జనవరిలో గర్భవతియై, ఆహారము ఇముడక, మంచము పట్టెను. ఫిబ్రవరి 17న క్రొత్త మరణ శాసనము వ్రాసి, పెండ్లికి ముందు తన కొరకు భద్రపరచుకొనిన ఆస్తియంతయు భర్తకు ఇచ్చెను. మార్చి 31న, 39వ పుట్టిన రోజుకు మూడు వారముల ముందు, మరణించెను. కాపురము తొమ్మిది నెలలు.

నికొల్స్ వెళ్లిపోలేదు. తన్ను తూలనాడిన మామగారిని, 1861లో ఆయన 84వ యేట మరణించువరకు, ఆరు సంవత్సరములు ఆ యింటనే ఉండి సంరక్షించెను. అటు తరువాత హావర్త్ గురుత్వము తనకు దక్కక ఐర్లండు చేరి, వ్యవసాయము చేసికొనుచు, 1864లో జ్ఞాతి సోదరిని వివాహమాడెను. చిత్రకారుడు రిచ్‌మండ్ గీసిన షార్లట్ చిత్రపటము ఆ యింట గోడపై ఉండెను. 1906 డిసెంబరులో అతడు మరణించినప్పుడు రెండవ భార్య అతని శవపేటికను ఆ పటము క్రిందనే ఉంచెను.