నిద్ర జబ్బు నేర్పిన పాఠం

1916-17 శీతాకాలం. మొదటి ప్రపంచ యుద్ధం ఉధృతంగా సాగుతున్న రోజులు. వియన్నాలోని మానసిక, నాడీ వైద్యశాలకు వింత రోగులు రావడం మొదలైంది. కొందరు భోజనం చేస్తూ చేస్తూనే నిద్రలోకి జారిపోయేవారు. తట్టి లేపితే లేచి జవాబు చెప్పేవారు, మరుక్షణమే మళ్ళీ నిద్ర. ఇంకొందరికి రాత్రింబవళ్ళు కునుకే పట్టేది కాదు. ఒక్కొక్కరికి ఒక్కో జబ్బు పేరు రాసి పంపారు. ఇవన్నీ వేర్వేరు జబ్బులు కావు, ఒకటే జబ్బు అని గుర్తించిన వైద్యుడు కాన్‌స్టాంటిన్ ఫాన్ ఎకొనోమో.

ఆయన 1876లో రుమేనియాలోని బ్రయీలా రేవు పట్టణంలో ఒక గ్రీకు కుటుంబంలో పుట్టారు. కలిగిన కుటుంబం. పెరిగింది అప్పటి ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న ట్రియెస్ట్‌లో. తండ్రి కోరిక మేరకు వియన్నాలో ఇంజనీరింగులో చేరారు. రెండేళ్ళు చదివాక, తన మనసు వైద్యం మీదే ఉందని గ్రహించి దారి మార్చుకున్నారు. 1901లో వైద్య పట్టా పుచ్చుకుని, పారిస్, మ్యూనిక్ వంటి నగరాల్లో పెద్దల దగ్గర పనిచేసి, 1906లో వియన్నాలో వాగ్నర్-యౌరెగ్ ఆసుపత్రిలో కుదురుకున్నారు.

ఇంజనీరింగు వదిలినా యంత్రాల మీద మోజు పోలేదు. విమానాలు ఇంకా పసితనంలో ఉన్న రోజుల్లోనే ఎగరడం నేర్చారు. ఆస్ట్రియా ఏరో క్లబ్బుకు 1910 నుంచి పదహారేళ్ళు అధ్యక్షులుగా ఉన్నారు. యుద్ధంలో పైలట్‌గా పనిచేశారు. తరువాత తల్లిదండ్రుల కోరికపై వియన్నాకు తిరిగివచ్చి, తలకు గాయాలైన సైనికులకు వైద్యం చేయసాగారు. ఆ సమయంలోనే ఈ నిద్రపోతున్న రోగులు ఆయన కంటబడ్డారు.

1917 వసంతంలో ఆయన ఈ జబ్బును వర్ణించి, ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అని పేరు పెట్టారు. దాదాపు అదే సమయంలో ఫ్రాన్సులో రెనే క్రూషే కూడా ఇలాంటి రోగులను వర్ణించారు. తరువాతి పదేళ్ళలో ఆ జబ్బు ప్రపంచమంతా పాకింది. ఎందరో చనిపోయారు. బతికినవారిలో చాలామందికి కొన్నేళ్ళ తరువాత పార్కిన్సన్ లక్షణాలు పట్టుకుని, కదలలేని స్థితికి వచ్చారు. ఆ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఈనాటికీ తేలలేదు.

ఎకొనోమో రోగిని చూసి ఊరుకోలేదు. చనిపోయినవారి మెదళ్ళను సూక్ష్మదర్శిని కింద ఓపికగా పరిశీలించారు. అతినిద్రతో పోయినవారిలో హైపోథాలమస్ వెనుక భాగం, దాన్ని ఆనుకున్న మధ్యమెదడు దెబ్బతిన్నాయి. నిద్ర పట్టక పోయినవారిలో హైపోథాలమస్ ముందు భాగం దెబ్బతింది. అంటే మెలకువను నిలిపే చోటు ఒకటి, నిద్ర పుచ్చే చోటు మరొకటి అన్నమాట. నిద్ర అంటే మెదడు అలిసిపోయి ఆగిపోవడమేనని అనుకునే కాలంలో, అది మెదడు పూనుకుని చేసే పని అని చెప్పడం సాహసమే.

1925లో గెయోర్గ్ కోస్కినాస్‌తో కలిసి మెదడు పైపొర నిర్మాణాన్ని వివరించే పెద్ద పటాల గ్రంథాన్ని వెలువరించారు. ఆయన వర్ణించిన కదురు ఆకారపు నాడీకణాలకు నేడు ఆయన పేరే ఉంది. అవి తిమింగలాల్లో, ఏనుగుల్లో కూడా ఉన్నాయని తరువాత తేలింది. 1931లో వియన్నాలో మెదడు పరిశోధన విభాగం పగ్గాలు చేపట్టిన కొద్ది నెలలకే, అక్టోబరు 21న గుండె జబ్బుతో కన్నుమూశారు. వయసు 55.

ఆయన మాట నిజమని తేలడానికి చాలా కాలం పట్టింది. 1946లో నౌటా ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దాన్ని బలపరిచాయి. 1996లో నిద్ర పుచ్చే కణాలు హైపోథాలమస్ ముందు భాగంలోనే దొరికాయి. ఉన్నట్టుండి నిద్రలో పడిపోయే నార్కొలెప్సీ జబ్బుకు కూడా మూలం ఆ చుట్టుపక్కలే ఉండాలని ఎకొనోమో ఊహించారు. 1999లో ఆ జబ్బు వంశపారంపర్యంగా ఉన్న డాబర్‌మన్, లాబ్రడార్ కుక్కలను పరిశీలించిన శాస్త్రవేత్తలకు లోపం ఓరెక్సిన్ గ్రాహకంలో కనిపించింది. ఆ ఓరెక్సిన్‌ను తయారుచేసే కణాలు ఉండేది హైపోథాలమస్‌లోనే.

పిల్లవాడు కోర్సు మారతానంటే కంగారుపడే తల్లిదండ్రులం, ఉపాధ్యాయులం మనలో చాలామందిమి ఉన్నాం. రెండేళ్ళ చదువు వదులుకున్న ఆ యువకుణ్ణి అలాంటప్పుడు ఒకసారి తలచుకోవడం మంచిది.