రేడియో అన్నయ్య

తెలుగునాట ఒక తరం పిల్లలకు ఆదివారం అనగానే రెండు సంగతులు జ్ఞాపకం వచ్చేవి. ఒకటి తలంటు, రెండవది రేడియోలో బాలానందం. మొదటిదానికి పిల్లలు పరుగెత్తి తప్పించుకొనేవారు, రెండవదానికి పరుగెత్తి వచ్చేవారు. ఆ కార్యక్రమానికి రూపమిచ్చిన దంపతులను వారు అసలు పేర్లతో ఎరుగరు. ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య. భార్యాభర్తలకు ఈ వరుసలేమిటని పెద్దలు నవ్వుకొన్నారేమో గాని, పిల్లలకు అందులో వింత ఏమీ తోచలేదు.

ఆ అన్నయ్య న్యాయపతి రాఘవరావు. ఆయన 1905 ఏప్రిల్ 13వ తేదీన గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. పలాస నుండి ఉత్తరంగా సాగే రైలుమార్గంలో ఇచ్ఛాపురం దాటిన తరువాత వచ్చే పట్టణమది. అప్పుడది మద్రాసు రాజధానిలో ఉండేది. తెలుగు, ఒడియా ఒకే వీధిలో వినిపించే ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అటు చేరింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు ఇటు మిగిలాయి. ఆ సరిహద్దు పట్టణపు బిడ్డ తన జీవితకాలపు కృషిని మొదట మద్రాసులోను, తరువాత హైదరాబాదులోను సాగించారు.

ఆయన కృషి విలువ తెలియాలంటే ఆనాటి పిల్లల స్థితి తెలియాలి. వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. ఎక్కాలు, పద్యాలు అర్థంతో నిమిత్తం లేకుండా కంఠస్థం చేయవలసిందే. తప్పితే తొడపాశం, గోడకుర్చీ, కోదండం. ఇంటిలోనైనా పెద్దలు మాట్లాడుకొనేటప్పుడు పిల్లలు నోరు విప్పరాదు. ఆట అంటే చదువును దొంగిలించేది అని ఇంటా బయటా గట్టి నమ్మకం. పసివాడికి చెప్పవలసినది ఏదైనా ఉంటుందని, దానిని వినడానికి పెద్దలు కూర్చోవాలని ఎవరికీ తోచని కాలమది.

1938 జూన్ 16న మద్రాసులో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. తెలుగు, తమిళ ప్రసారాలు రెండూ అక్కడినుండే వెలువడేవి. ఆ తొలినాళ్లలోనే తెలుగు పిల్లల కార్యక్రమం రాఘవరావు చేతికి వచ్చింది. పిల్లల కార్యక్రమమంటే పెద్దలు చేరి పిల్లలకు నీతులు చెప్పడమని భావించే అవకాశం ఆయనకూ ఉంది. అది సులువైన మార్గం. ఆయన మాత్రం పిల్లలనే మైక్రోఫోను ముందుకు తీసుకువచ్చారు.

ఇది మాటలలో చెప్పినంత తేలిక కాదు. నాటి ప్రసారాలు ఎక్కువగా అప్పటికప్పుడు గాలిలోకి వెళ్లిపోయేవి. ముందుగా పలికించి, తప్పులు దిద్ది, తరువాత వినిపించే సౌకర్యం నేటివలె లేదు. అయిదారేండ్ల పాప పాట మధ్యలో ఆగిపోతే ఆ మౌనం రేడియో ఉన్న ప్రతి ఇంటిలోను వినబడుతుంది. వెక్కితే వెక్కు కూడా వినబడుతుంది. అందువల్ల పిల్లలు ముందే కలుసుకోవాలి, ఒకరికొకరు అలవాటుపడాలి, పాట నోటికి రావాలి, బెదురు తీరాలి. ఇలా ప్రసారం కోసం పుట్టిన కూడికయే క్రమంగా ప్రసారాన్ని మించినదయింది. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం ఏర్పడడంలోని అంతరార్థం ఇదేనని చెప్పవచ్చు. రేడియోలో వినిపించేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపటి వెనుక పిల్లలు కలిసి పాడుకొన్న, ఆడుకొన్న గంటలు ఎన్నో ఉండేవి.

వారం వారం సాగిన ఆ కార్యక్రమాలలో పాటలు, అభినయగేయాలు, కథలు, పొడుపుకథలు, చిన్న చిన్న నాటికలు ఉండేవి. రేడియోలో ముఖం కనిపించదు. వేషం లేదు, తెర లేదు. కోపమైనా, నవ్వైనా, పులి అయినా, పిల్లి అయినా గొంతులోనే పలకాలి. ఒత్తు జారితే మాట మారిపోతుంది. ణకారానికి నకారం, ళకారానికి లకారం పలికే పిల్లవాడికి వ్యాకరణసూత్రం కంటె తన వంతు పాట బాగా పనికివస్తుంది. తన వంతు వచ్చేదాకా చప్పుడు చేయకుండా ఆగడం, పక్కవాడు మరచిపోతే అందించడం కూడా అక్కడ నేర్చుకొనే పాఠాలే. అవి పాఠాలని మాత్రం పిల్లలకు తెలియదు.

ఈ కృషిలో సగపాలు ఆయన భార్య కామేశ్వరిది. రేడియో అక్కయ్య అనే పేరు ఆమెకు బిరుదు కాదు, పిల్లలు నిత్యం పిలిచిన పిలుపు. తల్లి కొంగు వదలని పసివారు కొత్తచోట నోరు విప్పాలంటే ముందుగా అక్కడొక ఆత్మీయురాలు కనిపించాలి. రాఘవరావు పేరు తలచినవారు కామేశ్వరి పేరు విడిచిపెడితే ఆ కథ సగమే చెప్పినట్లు.

1945 ఆగస్టులో ఈ దంపతులు బాల అనే మాసపత్రికను ప్రారంభించారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసీ ముగియని రోజులు. కాగితానికి కరవు. అటువంటి సమయంలో పిల్లల కోసం పత్రిక పెట్టడం సాహసమే. గాలిలో కలిసిపోయే మాటకు బాల పత్రిక అచ్చులో నిలిచే చోటు కల్పించింది. పిల్లలు వ్రాసినవి కూడా అందులో వెలుగు చూశాయి. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ 1945లో అందులోనే అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు పదునాలుగేండ్లు. తరువాత చిత్రకారుడుగా, దర్శకుడుగా పేరుపొందిన బాపు బొమ్మలు కూడా తొలిగా కనిపించినది బాలలోనే. తన పేరు అచ్చులో చూసుకొన్న రమణకు ఉత్సాహం పట్టలేక స్వయంగా ఉదయభాను అనే పత్రికకు సంపాదకుడయ్యాడు. దానికి చిత్రకారుడు బాపు. ఒక బాలుడి కథను పెద్దవారు శ్రద్ధగా అచ్చువేసినందువల్ల తెలుగు సాహిత్యానికి ఎంత కలిసివచ్చిందో లెక్కకట్టడం కష్టం.

ఈ ఆనందం పిల్లలందరికీ సమానంగా అందిందని మాత్రం అనలేము. స్టూడియో దాకా రాగలిగినవారు నగరంలోని పిల్లలు. వినగలిగినవారు రేడియో ఉన్న ఇళ్లవారు. రేడియోకు వెల ఎక్కువ, పైగా ఏటేటా లైసెన్సు రుసుము చెల్లించాలి. విజయవాడ కేంద్రం 1948లో గాని రాలేదు, విశాఖపట్నం కేంద్రం 1963లో గాని రాలేదు. ఉద్దానం కొబ్బరితోటల నడుమ ఉన్న పల్లెలకు గాని, టెక్కలికి దగ్గరలోని నిమ్మాడ వంటి ఊళ్లకు గాని మద్రాసు చాలా దూరం. అటువంటి పల్లెలలోని పిల్లలు రేడియో వినాలంటే పంచాయతీ రేడియో దగ్గరో, ఉన్నవారి అరుగు మీదో చేరాలి. అరుగు మీద కూర్చోవడానికి ఎవరికి అనుమతి ఉండేది, ఎవరికి ఉండేది కాదు అన్నది వేరే ప్రశ్న. ఇది రాఘవరావు లోపం కాదు, ఆ కాలపు లోపం. అయినా ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు దీనిని దాచరాదు.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత రాఘవరావు దంపతుల కార్యక్షేత్రం హైదరాబాదుకు మారింది. నారాయణగూడలో ఆంధ్ర బాలానంద సంఘం పిల్లలకు రెండవ ఇల్లయింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం దేశంలో ఆరంభమై, ఆపైన అంగన్‌వాడీలు క్రమంగా పల్లెలకు చేరుకొన్నాయి. మద్రాసు స్టూడియోకు ఏనాడూ రాలేని పిల్లలకు వారి వాడలోనే పాటకు, ఆటకు చోటు దొరికింది. చేతులు ఊపుతూ పాడే గేయం, వలయంగా కూర్చుని వినే కథ, రంగులు గుర్తించే ఆట అక్కడ కాలక్షేపం కావు, పూర్వ ప్రాథమిక విద్యలో భాగాలు. రాఘవరావు ఆ పథకానికి కర్త కారు, సలహాదారు కారు. ఆట చదువుకు శత్రువు కాదన్న సంగతిని మాత్రం ఆయన అంతకు మూడు దశాబ్దాల ముందే తెలుగు ఇళ్లలో వారం వారం వినిపించారు.

హైదరాబాదు కేంద్రంలో పిల్లల కార్యక్రమాల బాధ్యత తరువాతి కాలంలో రచయిత్రి తురగా జానకీరాణి స్వీకరించారు. పిల్లలు ఆమెను కూడా రేడియో అక్కయ్య అనే పిలిచారు.

కామేశ్వరి 1980లో మరణించారు. రాఘవరావు 1984 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. మద్రాసులో ఆయన ముందు తొలిసారి పాట పాడిన పిల్లలలో కొందరికి అప్పటికే తలలు నెరిశాయి. వారికి సైతం ఆయన చివరిదాకా అన్నయ్యే.